ఎదురుమొహం ఎరగని గోస్లాన్ మాస్టారు

వాల్‌బెర్న్ కోట టంకశాలలో నాణేల అచ్చులు చెక్కే గోస్లాన్ మాస్టారికి ఎదురుగా నిలబడ్డ మనిషిని పోల్చుకోవడం చేతకాదు. పక్కనుంచి చూస్తే మాత్రం ఊళ్ళో కోళ్ళనైనా సరే, ఇది ఫలానావారి పెట్ట, అది ఫలానావారి పుంజు అని తడుముకోకుండా చెప్పగలరు. ఎదురుపడితే మాత్రం కన్నతల్లి అయినా ఆయనకు కొత్తమనిషే. అందుచేత ఆయన నోట తరచుగా వినిపించే మాట దేవుడి పేరు కాదు, భార్య పేరు కాదు. "కాస్త పక్కకు తిరుగు" అన్నదే ఆ మాట.

"అమ్మాయ్, ఎదురుమొహాలన్నీ ఒకటే," అని ఆయన టంకశాలలో వెండి బిళ్ళలు తెల్లబరిచే ఒరబెల్‌కు బోధించేవారు. "రెండు కళ్ళు, ఒక నోరు, మధ్యలో ఏదో ఒక ముక్కు. పందికీ అవే, పాదిరిగారికీ అవే. అసలు మనిషి ఉండేది పక్కన. నుదురు దిగి, ముక్కు ఎక్కి, పెదవి దాటి గడ్డం చేరేలోపు వాడి బుద్ధంతా బయటపడిపోతుంది."

"మరి పంది బుద్ధి?"

"పక్కనుంచి చూడు. దానంత నిజాయితీ ఈ ఊళ్ళో ఎవరికీ లేదు."

తన లోపానికి ఆయన చూపే కారణం వృత్తి. వాల్‌బెర్న్‌లో కొట్టే దెనియే అనే వెండి నాణెం మీద ఒకవైపు సిలువ, మరోవైపు పక్కకు తిరిగిన తల ఉంటాయి. ఆ తల ఏ కాలపు దొరదో ఎవరికీ తెలియదు. తరవాత వచ్చిన ప్రతి దొరా ఆ తలనే కొట్టించాడు, ఎందుకంటే సంతకు వచ్చే జనం నమ్మేది బతికున్న దొరను కాదు, ఆ తలను. అచ్చు అరిగిపోయినప్పుడల్లా గోస్లాన్ మాస్టారు పాత అచ్చును ముందు పెట్టుకుని, చూసి చూసి, కొత్త ఇనుములో అదే తల చెక్కేవారు. ఒకే మనిషి ఒకే చెంపను ఆయన బతుకంతా చూశారు. కళ్ళు అలా అలవాటుపడిపోయాయని ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది.

రొట్టెల కొట్టావిడతో ఈ అలవాటు వల్ల బేరం ఒక పట్టాన తెగేది కాదు.

"నిన్న నాకు మాడిన రొట్టె అంటగట్టింది నువ్వేనా?"

"నేను కాదు మాస్టారూ. అది ఇంకెవరో."

"ఏదీ, కాస్త పక్కకు తిరుగు."

"తిరగను."

"తిరగనన్నావంటే నువ్వే."

ఈస్టరు నాటి పూజలో అయితే ఊరంతా మోకాళ్ళ మీద ఉంది. మయోల్ పాదిరిగారు దివ్యప్రసాదం చేత్తో పట్టుకుని గోస్లాన్ మాస్టారి ముందుకు వచ్చి ఆగారు.

"గోస్లాన్, నోరు తెరు."

"ముందు తమరు కాస్త పక్కకు తిరగండి. ఎవరి చేతినుంచి పుచ్చుకుంటున్నానో తెలియవద్దా?"

"బలిపీఠం ముందు, ఈ దుస్తుల్లో నిలబడ్డవాణ్ణి ఎవరనుకుంటున్నావయ్యా?"

"దుస్తులు ఎవరైనా వేసుకోవచ్చు."

పాదిరిగారు వెనక వరస పొడవు చూసుకున్నారు, నిట్టూర్చి పక్కకు తిరిగారు. మాస్టారు తృప్తిగా తల ఊపారు. "తమరే. గడ్డం కింద ఇంకో గడ్డం మొదలైంది. ఈసారి ఉపవాసాలు తమకు బాగా కలిసొచ్చాయి."

పోనుపోను ఊరికి ఇది అలవాటైపోయింది. మాస్టారు వీధి మలుపు తిరగగానే నీళ్ళు మోసేవాడు కావడితో సహా పక్కకు తిరిగేవాడు. కోట వాకిట్లో కాపలావాళ్ళు బల్లెం, డాలు, మొహం అన్నీ ఒకే దిక్కుకు పెట్టి నిలబడేవారు. పొరుగుసీమల ఉన్ని వర్తకులు ఇది ఇక్కడి మర్యాద కాబోలనుకుని, తమ ఊళ్ళకు తిరిగివెళ్ళాక తమ దొరల ముందు పక్కకు తిరిగి నిలబడి చీవాట్లు తిన్నారని కూడా చెప్పుకుంటారు. దీనికి గట్టి ఆధారం లేదు. టంకశాలలో సుత్తి కొట్టే తుర్పాన్ ఒక్కడే ఈ మాట ప్రచారం చేసినవాడు, వాడికి సుత్తి శబ్దంలో సగం మాటలు వినపడవు, మిగతా సగం వాడే కల్పిస్తాడు.

తన పెళ్ళి కథను మాస్టారు అడిగినవారికీ అడగనివారికీ చెప్పేవారు. గుడి వాకిట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురుగా నిలబడ్డారట. ఎవరు ఎవరో తెలియక అక్క వేలికి ఉంగరం తొడగబోయారట. చెల్లెలికి తుమ్ము వచ్చి పక్కకు తిరగడం వల్ల సంసారం నిలబడిందట. ఆయన భార్య ఎర్మెన్ ఈ కథ చివర ఒక్క మాట అనేది: "మా అక్క నాకంటే జానెడు పొడుగు."

ఇందరు పక్కకు తిరిగి బతికే ఊళ్ళో అందరికంటే నిశ్చింతగా ఉన్నది ఒరబెల్. పుష్కరం కింద, ఆమెకు పెళ్ళీడు వచ్చిన ఏడు, కొలిమి దగ్గర మూసపాత్ర పగిలి కరిగిన వెండి చిందింది. కుడి కంటి కింద నుంచి దవడ దాకా కాలింది. పుండు మానింది గాని మచ్చ ఉండిపోయింది. అప్పటినుంచి ఆమె తలగుడ్డ చెంగు కుడిచెంప మీదికి లాక్కుని, ఎడమచెంప లోకానికి చూపిస్తూ నిలబడేది. మరో ఊళ్ళో అయితే ఆ నిలబడే తీరే నలుగురి కళ్ళూ రప్పించేది. వాల్‌బెర్న్‌లో అందరూ అలాగే నిలబడతారు. కొలిమిలో నల్లబడ్డ బిళ్ళలను ద్రాక్షసారా మడ్డిలో, ఉప్పులో వేసి, పాలరంగు వచ్చేదాకా ఉడికించడం ఆమె పని. ఆ కాగు పక్కన ఆమె నిలబడి ఉంటే మాస్టారు తుర్పాన్‌ను పిలిచి చూపించేవారు.

"ఒరేయ్, అలా నిలబడాలి. ఈ ఊరు మొత్తానికి సరిగ్గా నిలబడడం తెలిసింది ఈ అమ్మాయి ఒక్కదానికే. మిగతావాళ్ళకి నేర్పలేక ఛస్తున్నాను."

ఒరబెల్ ఈ మెచ్చుకోలును లోలోపల దాచుకునేది. తన అదృష్టం కొద్దీ ఇలాంటి కంటిజబ్బు మనిషి దగ్గర పని దొరికిందని ఆమె అనుకునేది.

ఆ ఏటి ద్రాక్షకోతల వేళ ముసలి దొర పోయాడు. ఆయన తమ్ముడి కొడుకు ఎబ్ల్ కోటకు దొరై వచ్చాడు. ఎబ్ల్ దొర చెడ్డవాడు కాడు, కాకపోతే అద్దం ఉన్నవాడు. మెరుగుపెట్టిన ఆ కంచు అద్దం నడుము సంచిలో ఎప్పుడూ ఉండేది. అందులో చూసుకోకుండా ఆయన గుర్రం కూడా ఎక్కేవాడు కాదు. ఎడమచెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉంది. అది తమ వంశంలో పెద్దకొడుకులకు మాత్రమే వస్తుందని, దానివల్లే తాను దొరనయ్యానని ఆయన నమ్మకం.

టంకశాలకు వచ్చి ఆయన చేసిన మొదటి ఆజ్ఞ ఇది: "చచ్చినవాడి మొహం ఇంకెన్నాళ్ళు కొడతారు? ఇకమీదట నా మొహం కొట్టండి. అదీ పక్కకు తిరిగి కాదు, ఎదురుగా. నా దెనియే చేతిలోకి తీసుకున్నవాడి కళ్ళలోకి నేను సూటిగా చూడాలి. ఈ మచ్చ కూడా కనబడాలి."

గోస్లాన్ మాస్టారు ఉలి కింద పెట్టి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశారు. "అయ్యా, కాస్త పక్కకు తిరగండి."

దొర వెనకనున్న దివాను మండిపడ్డాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా నీకు?"

"అదే తెలియడం లేదు. అందుకే తిరగమంటున్నాను."

ఎబ్ల్ దొర ఫక్కున నవ్వాడు. దివాను నవ్వలేదు. "విను. ఎదురుగా ఉన్న మొహం కనబడనివాడు ఎదురుమొహం చెక్కలేడు. పునీత మార్తాన్ సంత నాటికి దొరగారి మొహం అచ్చుకెక్కాలి. నీకు చేతకాదంటే పట్నం నుంచి చెక్కేవాణ్ణి పిలిపిస్తాం. టంకశాల వెనక ఇల్లు అచ్చులు చెక్కేవాడిది, అది గుర్తుంచుకో."

అందరూ మాస్టారి వంక చూశారు. ఆయన ఉలి తీసుకుని పదును పెట్టుకోవడం మొదలుపెట్టారు.

"పిలిపించండి," అన్నారు.

వాళ్ళు వెళ్ళాక తుర్పాన్ సుత్తి కింద పడేశాడు. "మాస్టారూ! ఒక ఉల్లిగడ్డ గీయండి, దానికి రెండు కళ్ళు పెట్టండి, పక్కన ఒక చుక్క పెట్టండి. దొర అంతకంటే ఏముంటాడు?"

"కనబడనిదాన్ని చెక్కడం అబద్ధం చెప్పడంతో సమానంరా."

"ఇల్లు పోతుంది మాస్టారూ!"

"ఇల్లు కూడా నాకు పక్కనుంచే తెలుసు. పో, పని చూసుకో."

ఒరబెల్‌కు ఆ సాయంత్రం మడ్డికాగు దగ్గర చేతులు ఆడలేదు. ముసలివయసులో ఆయన, ఎర్మెన్ మూటాముల్లె సర్దుకుని ఎక్కడికి పోతారు? ఆమె కాగు దించి వెనకింటికి వెళ్ళింది. ఎర్మెన్ వంటింట్లో చిక్కుడుగింజలు వలుస్తోంది. వలుస్తున్న వేగం చూస్తే ఆ కాయల్లో ప్రతిదానిమీదా ఆమెకు పగ ఉన్నట్టుంది.

"పిన్నీ, మీరైనా చెప్పి చూడండి. ఎదురుమొహం కనబడకపోతే ఎవరైనా పక్కన నిలబడి చెప్తుంటే చెక్కలేరా?"

"కనబడదా! ఆయనకా!" ఎర్మెన్ చేతిలో కాయను రెండుగా విరిచింది. "అటకమీద ఏ మూల జున్నుముక్క దాచినా కనబడుతుంది. సందు చివర అప్పులవాడి నీడ కనబడుతుంది. దొర మొహమే కనబడదట! పుష్కరం కింద లేని జబ్బు..."

అంతలో నాలుక కరుచుకుంది.

"అప్పుడు లేదా, పిన్నీ?"

"నాకేం తెలుసు? నన్ను విసిగించకు. గింజలు వలవాలి."

"వలిచిన తొక్కలనే మళ్ళీ వలుస్తున్నారు."

ఒరబెల్ పెరట్లోకి వచ్చి బేరిచెట్టు కింద కూర్చుని ఆలోచించింది. ఆమె తొందరపడి ఒక నిర్ణయానికి వచ్చే మనిషి కాదు. ఏ బిళ్ళలో రాగి పాలు ఎంతో రంగు చూసి చెప్పే అలవాటున్నది. ముందు మాస్టారి పక్షాన ఆలోచించింది. వయసుతో కళ్ళు మసకబారడం లోకంలో ఉన్నదే. కానీ మసకబారిన కళ్ళు వెంట్రుకకంటే సన్నగా సిలువ అంచు చెక్కగలవా? పోనీ, కళ్ళు బాగానే ఉండి, బుద్ధికే ఈ వింత పట్టిందనుకుందాం. అయితే ఎప్పుడు పట్టింది? చిన్నతనంలో ఆమె ఇదే చెట్టెక్కి కాయలు కోస్తుంటే, ఆయన వాకిట్లోనుంచి, ఆకుల సందులోంచి కనబడ్డ మొహాన్ని సూటిగా చూసి, "ఒరబెల్, ఆ కొమ్మవి పచ్చివే. పైకొమ్మకు పో," అని కేకేశారు. అప్పుడు ఎవరినీ పక్కకు తిరగమనలేదు.

మరెప్పుడు మొదలైందీ జబ్బు? ఆమెకు గుర్తొచ్చింది. కాలిన చెంప మానాక మొదటిసారి గుడికి వెళ్ళిన ఆదివారం. గుమ్మంలో అడుగుపెట్టగానే గుడిలో ఉన్న తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. ఎవరో అయ్యో అన్నారు. కాళ్ళు వెనక్కి పోదామంటున్నాయి. సరిగ్గా అప్పుడు ముందువరసలోంచి గోస్లాన్ మాస్టారు లేచి, ప్రసంగం మధ్యలో ఉన్న పాదిరిగారితో గొంతెత్తి అన్నారు: "ఏమండీ, తమరెవరు? కాస్త పక్కకు తిరగండి, పోల్చుకుంటాను." గుడి మొత్తం ఆయనవైపు తిరిగింది, విరగబడి నవ్వింది. ఆ సందట్లో ఒరబెల్ స్తంభం చాటున కూర్చుంది. ఆనాడు ఆమెను మళ్ళీ ఎవరూ చూడలేదు. మరునాటికి ఊళ్ళో చెప్పుకోవడానికి మాస్టారి కంటిజబ్బే మిగిలింది.

ఇంతకాలం ఆమె దాన్ని కాకతాళీయం అనుకుంది. ఇప్పుడు ఆ మాట నిలబడలేదు. ఊరు మొత్తాన్ని పక్కకు తిప్పినవారు ఒక్క మనిషి కోసం తిప్పారు. ఇప్పుడు కళ్ళు కనబడుతున్నాయని ఒప్పుకుంటే ఆమెకు అసలు సంగతి తెలిసిపోతుంది. అందుకని ఇల్లు వదులుకోవడానికి సిద్ధపడ్డారు.

మరునాడు పొద్దున ఒరబెల్ చెక్కుడుగదికి వెళ్ళి, కిటికీకీ బల్లకూ మధ్య నిలబడింది. తలగుడ్డ చెంగు వెనక్కి వేసింది. మొహం సూటిగా పెట్టింది.

మాస్టారు తలెత్తారు. వెంటనే దించుకున్నారు. "ఎవరది?"

"మీరే చెప్పండి."

"కాస్త పక్కకు తిరగమ్మా."

"తిరగను."

"రొట్టెల కొట్టావిడవా?"

"మాస్టారూ, తల ఎత్తండి. ఎదురుమొహాలన్నీ ఒకటే అన్నారు కదా? ఇలాంటి చెంప ఈ సీమలో ఇంకొకటి లేదు. పోల్చుకోవడం దొర మొహం కంటే తేలిక."

"పొగకు కళ్ళు మండుతున్నాయి."

"పొయ్యి ఇంకా రాజేయలేదు."

మాస్టారు ఉలిని అటు తిప్పారు, ఇటు తిప్పారు. బల్లమీది ఇనపరజను ఊదారు. ఊదడానికి ఇంకేమీ మిగలలేదని తేలాక తలెత్తి, ఆమె మొహంలోకి, రెండు చెంపల్నీ కలిపి, తాపీగా చూశారు.

"ఒరబెల్," అన్నారు విసుగ్గా, "వెలుతురుకు అడ్డం నిలబడ్డావు."

"ఇంతకాలం ఊరందర్నీ తిప్పారా, మాస్టారూ? పాదిరిగార్ని కూడానా?"

"దానికేం, ఊరికి మంచిదే జరిగింది. మయోల్ పాదిరిగారు ఎదురుగా చూడదగ్గ మనిషి కాదు." ఆయన ఉలి కింద పెట్టారు. "నీకు కోపమా?"

"కోపమే. ఆ ఇల్లు పోతే రోజూ మీ బేరికాయలు ఎవరు దొంగిలిస్తారు? దొరను పిలిపించండి. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టండి. నా సంగతి నేను చూసుకుంటాను. ఇంకెవరూ నాకోసం మెడలు తిప్పుకోనక్కర్లేదు."

"వాళ్ళకి అలవాటైపోయిందమ్మాయ్. ఇప్పుడు మాన్పించడం కష్టం," అన్నారు మాస్టారు, నిజంగానే దిగులుగా.

దొర వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. వాకిలి నిండా జనం. "అయ్యా, నావైపు ఎదురుగా చూడండి," అని మాస్టారు అనగానే జనంలో గగ్గోలు పుట్టింది.

"కనబడుతోందా మాస్టారూ?" అని అరిచాడు తుర్పాన్.

"ఇవాళ కాస్త నయంగా ఉంది. గాడిదపాలు తాగాను."

ఆ వారంలో ఊళ్ళో గాడిదపాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

సంతరోజు పొద్దున కొత్త అచ్చును ఓక్ మొద్దులో దిగ్గొట్టారు. ఒరబెల్ తెల్లబరిచిన బిళ్ళను దానిమీద పెట్టింది. తుర్పాన్ సిలువ అచ్చును పైన నిలిపి సుత్తి దించాడు. ఒరబెల్ ఆ మొదటి దెనియేను తీసి చూసింది. మొహం దొరదే, చెవుల దగ్గరనుంచీ. కానీ పుట్టుమచ్చ అవతలి చెంపకు ఎక్కింది.

అచ్చులో కుడివైపు చెక్కినది బిళ్ళ మీద ఎడమవైపు పడుతుంది. అందుకే మనిషిని చూసి చెక్కేవాడు అన్నిటినీ తిరగేసి చెక్కాలి. ఇది ఈ వృత్తిలో మొదటి పాఠం. గోస్లాన్ మాస్టారు బతుకంతా పాత అచ్చును చూసి కొత్త అచ్చు చెక్కారు. అచ్చును చూసి అచ్చు చెక్కేవాడికి తిరగేసే పని ఉండదు. ఇప్పుడు మొదటిసారి మనిషిని చూసి చెక్కారు, చూసింది చూసినట్టే చెక్కేశారు.

మాస్టారు కూడా చూశారు. ఆయన మొహం బిళ్ళకంటే తెల్లబడింది. ఈలోగా దివాను దాన్ని లాక్కున్నాడు.

"ఇదేమిటి? దొరగారి మచ్చ..."

"అయ్యా, అది నా తప్పు..." అని మాస్టారు మొదలుపెట్టగానే ఎర్మెన్ ఆయన కాలు గట్టిగా తొక్కింది.

ఎబ్ల్ దొర దెనియేను అందుకుని, సంచిలోంచి అద్దం తీశాడు. అద్దంలో చూసుకున్నాడు. బిళ్ళను చూశాడు. మళ్ళీ అద్దంలో చూసుకున్నాడు. ఆయన మొహం వికసించింది.

"అబ్బ! అచ్చం నేనే!"

"దొరా, మచ్చ ఆ చెంపకు కదా ఉండవలసింది?"

"ఏ చెంపకు? పొద్దున్నే రోజూ చూసుకునే మొహం నాకు తెలియదా, దివానుగారూ? ఇలా రండి, మీరే చూడండి."

దివాను దొర భుజం మీదుగా వంగి అద్దంలో చూశాడు. బిళ్ళలో చూశాడు. రెంటికీ తేడా లేదు. ఆ తరవాత దొర మొహం చూశాడు. ఎక్కడో మోసం ఉందని ఆయనకు తెలుస్తోంది, ఎక్కడుందో తెలియడం లేదు. చివరికి నమస్కారం పెట్టి వెనక్కి తగ్గాడు.

"అయ్యా, నేను చెప్పవలసింది ఒకటుంది," అన్నారు మాస్టారు, తొక్కించుకున్న కాలి మీద కుంటుతూ.

"ఏమీ చెప్పకు. ఇల్లు నీదే. సంత మొదలుపెట్టండి!" అని దొర గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

గుర్రం మలుపు తిరిగిందో లేదో ఒరబెల్‌కు నవ్వు ముంచుకొచ్చింది. మొద్దు పట్టుకుని, వంగి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తలగుడ్డ జారి భుజాల మీద పడింది. ఆమె దాన్ని సర్దుకోలేదు. జనం ఆమె మొహంలోకి చూశారు.

"ఏంటమ్మాయ్, మాకూ చెప్పకూడదూ?" అంది రొట్టెల కొట్టావిడ.

"దొరగారికి తెలిసిన దొర అద్దంలో ఉన్నాయన," అంది ఒరబెల్ ఆమెవైపు తిరిగి, రెండు చెంపలూ తుడుచుకుంటూ. "మనకు తెలిసినాయన ఇప్పుడు గుర్రమెక్కి వెళ్ళాడు. ఇద్దరూ ఇంతవరకూ కలుసుకోలేదు."

సంగతి అర్థం కావడానికి జనానికి కాసేపు పట్టింది. అయ్యాక సంతంతా ఘొల్లుమంది. తుర్పాన్ మాత్రం సుత్తి మీద గడ్డం ఆనించి ఆలోచిస్తున్నాడు.

"మరి అచ్చు సరిదిద్దుదామా, మాస్టారూ?"

"దొరే ఒప్పుకున్న మొహం అది. దాన్ని మార్చే అధికారం మనకెక్కడిదిరా? కొట్టు."

ఒరబెల్ తెల్లటి బిళ్ళల గంప తేవడానికి కాగు దగ్గరికి బయలుదేరింది. దారి నిండా జనం. "తప్పుకోండి, తప్పుకోండి, దొరగారి మొహాలు కొట్టాలి," అంటూ ఆమె తల ఎత్తుకుని సూటిగా నడిచింది. జనం నవ్వుతూ చెరో పక్కకు జరిగి దారి ఇచ్చారు.